రూత్ బ్రౌన్ హిసాబ్

"దునియాని మార్చిన ముసల్మానులు" అని ఒక జాబితా మన ఖాందాన్ వాట్సాప్ గ్రూపుల్లో ఏడాదికి రెండుసార్లయినా తిరుగుతుంది. ఇబ్న్ సీనా, అల్ ఖ్వారిజ్మీ, మొహమ్మద్ అలీ... ఈమధ్య అందులో అహ్మెత్ ఎర్తెగన్ అని కొత్త పేరొకటి చేరింది. అమెరికా నల్లవాళ్ల మౌసిఖీని లోకానికి అందించిన తుర్కీ ముసల్మాన్ అని కింద ఒక లైను. దాని కింద వరసగా మాషాఅల్లాలు.

ఫఖర్ పడితే తప్పేం లేదు. కానీ ఒకాయన్ని "మనోడు" అని కలుపుకున్నాక ఆయన హిసాబ్-కితాబ్ కూడా చూడాలి కదా. ఆ ఫార్వర్డ్ వచ్చినప్పట్నుంచీ రూత్ బ్రౌన్ పేరు నా బుర్రలో తిరుగుతోంది. ఆమె పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

ముందు అహ్మెత్ సాబ్ సంగతి. 1923లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. వాలిద్ మునీర్ ఎర్తెగన్ అమెరికాలో తుర్కీ సఫీర్. వాషింగ్టన్‌లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక హోటల్లో కూర్చుని తినలేని రోజులవి. అలాంటప్పుడు ఈ అన్నదమ్ములు, నెసుహీ, అహ్మెత్, నల్ల ఫనకార్లను సిఫారత్‌ఖానాకే దావత్‌కి పిలిచేవారు. దక్షిణాది సెనేటర్ ఒకాయన, నల్లవాళ్లు మీ ముందు దర్వాజా నుంచి లోపలికి పోతున్నారని కంప్లైంట్ చేస్తే, మా ఇంట్లో దోస్తులు ముందు నుంచే వస్తారు, మీరు కావాలంటే వెనక నుంచి రండి అని సఫీర్ సాబ్ జవాబిచ్చారని ఆ కుటుంబం చెప్పుకునే కిస్సా. ఈ ముక్క ఫార్వర్డ్‌లో లేదు. ఉండాల్సింది.

1944లో మునీర్ సాబ్ ఇంతెఖాల్ అయ్యారు. అహ్మెత్ తిరిగి వతన్‌కి పోలేదు. తమ ఇంటి పళ్ల డాక్టరు దగ్గర 10,000 డాలర్లు ఖర్జ్ తీసుకుని, 1947లో హెర్బ్ అబ్రామ్సన్‌తో కలిసి న్యూయార్క్‌లో అట్లాంటిక్ రికార్డ్స్ పెట్టారు. నల్లవాళ్ల రికార్డులను అప్పుడు బజార్లో "రేస్ రికార్డ్స్" అనేవాళ్లు. అంటే జాతి పేరుతో విడిగా పెట్టిన అల్మారా. బిల్‌బోర్డ్ పత్రిక కూడా తన లిస్టుకి అదే పేరు పెట్టుకుంది. అక్కడ పనిచేసే జెర్రీ వెక్స్‌లర్ సలహాతో 1949లో ఆ పేరు తీసి "రిథమ్ అండ్ బ్లూస్" అని పెట్టారు. మనం ఒక రాగమో, ఒక రీతో అనుకునే ఈ మాట అలా దుకాణం నుంచి పుట్టింది. నాలుగేళ్లకి వెక్స్‌లర్ కూడా అట్లాంటిక్‌లో హిస్సాదార్ అయ్యాడు.

ఇక రూత్ బ్రౌన్. వర్జీనియాలోని పోర్ట్స్‌మత్ ఊరి అమ్మాయి. అట్లాంటిక్‌తో ఒప్పందం కోసం న్యూయార్క్‌కి వస్తుంటే దారిలో కారు ప్రమాదమై కాళ్లు నుజ్జయ్యాయి. 1949 జనవరిలో, ఆమె 21వ పుట్టినరోజున, అహ్మెత్ హాస్పిటల్‌కే వచ్చి మంచం మీదే దస్తఖత్ చేయించుకున్నారు. ఆ తర్వాత దాదాపు పన్నెండేళ్లు ఆమె ఆవాజ్ మీద ఆ కంపెనీ నడిచింది. అట్లాంటిక్‌ని జనం "రూత్ కట్టిన ఇల్లు" అనేవారు.

ఆ ఇల్లు కట్టినావిడ 1960ల్లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో బడి బస్సు నడిపింది. వేరేవాళ్ల ఇళ్లు ఊడ్చింది. పిల్లల్ని పెంచాలి కదా.

ఇదెలా జరిగిందో తెలియాలంటే ఆనాటి ఒప్పందం చదవాలి. మన భాషలో చెప్తాను. మీ ఇంట్లో షాదీకి ఒక బావర్చీని పిలిచారు. మజూరీ ఇంత అన్నారు. తర్వాత బియ్యం, మటన్, కట్టెలు, షామియానా కిరాయి, వడ్డించినవాళ్ల కూలీ, అన్నీ ఆయన మజూరీలోంచే కోశారు. అది చాలక ఆయనే మీకు బాకీ అని రాసుకున్నారు. పైగా ఆ వంటకం ఇక ఎప్పటికీ మీదే, ఎన్ని దావత్‌లలో అమ్ముకున్నా మీ ఇష్టం. రికార్డు కంపెనీల లెక్క ఇదే. స్టూడియో ఖర్చు, వాద్యాలు వాయించినవాళ్ల ఖర్చు గాయకుల ఖాతాలో పడుతుంది. నూటికి నాలుగైదు చొప్పున వచ్చే రాయల్టీలోంచి అది తీరాలి. అసలు టేపు మాత్రం కంపెనీ మిల్కియత్. 1980ల్లో రూత్ బ్రౌన్ హిసాబ్ అడిగితే, నువ్వే మాకు బాకీ అన్నారు.

పాడిన మనిషికి నష్టం ఒక్క దారిలోనే వచ్చేది కాదు. లావెర్న్ బేకర్ 1954లో పాడిన "ట్వీడిల్ డీ"ని జార్జియా గిబ్స్ అనే తెల్ల గాయని అదే బాణీలో, అదే వాద్యాల అల్లికతో దించేసింది. తెల్ల రేడియో ఆమెదే వేసింది, ఆమెదే ఎక్కువ పేలింది. పాట రాసినవాళ్లకి రెండు వైపుల నుంచీ పైసలొచ్చాయి. పాడిన తీరుకి మాత్రం కానూన్‌లో హక్ లేదు. లావెర్న్ తన కాంగ్రెస్ మెంబర్‌కి ఖత్ రాసింది, పని కాలేదు. తర్వాత విమానం ఎక్కేముందు ఇన్సూరెన్స్ తీసుకుని ఆ గిబ్స్ పేరే రాసిందని చెప్తారు. నేను పోతే పాపం కాపీ కొట్టడానికి ఆమెకి ఎవరూ ఉండరు కదా అని!

దీన్నంతా తెల్లమాలిక్, నల్లమజ్దూర్ కిస్సాగా సరిపెట్టడం సులువు. నాకది పూర్తిగా ఒప్పదు. బిగ్ మామా థార్న్‌టన్ పాడిన "హౌండ్ డాగ్" 1953లో నల్లవాళ్ల లిస్టులో ఏడు వారాలు పైన ఉంది. ఆ పాట మొత్తానికి తనకి దక్కింది 500 డాలర్ల చెక్కొకటేనని ఆమె చెప్పుకుంది. ఆ కంపెనీ మాలిక్ డాన్ రోబీ నల్లవాడే. మన ఖౌమ్ వాడైతే మన హక్ మారడు అన్న భ్రమ అందరికీ ఉంటుంది. మన దగ్గర గల్ఫ్ వీసా ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్లని అడిగితే చెప్తారు.

మాలిక్‌లు కూడా మాలిక్‌ల చేతిలో మునిగారు. మెంఫిస్‌లో స్టాక్స్ అనే చిన్న కంపెనీ. ఓటిస్ రెడింగ్ పాటలు చేసింది వాళ్లే, అమ్మిపెట్టింది అట్లాంటిక్. స్టాక్స్ యజమాని జిమ్ స్టీవర్ట్ 1965లో ఒప్పంద పత్రం మీద పూర్తిగా చదవకుండా దస్తఖత్ పెట్టాడు. 1967లో అట్లాంటిక్ 1 కోటీ 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాక పత్రం తీసి చూస్తే, అన్నాళ్లూ పంచిన టేపులన్నీ అట్లాంటిక్‌వే అని అందులో ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో ఓటిస్ విమాన ప్రమాదంలో పోయాడు. స్టాక్స్‌కి గాయకుడూ మిగల్లేదు, అతని పాటలూ మిగల్లేదు.

చదివి దస్తఖత్ చేసినవాడు కళ్లు కనపడని రే చార్ల్స్. 1959లో అట్లాంటిక్‌ని వదిలి ఏబీసీ పారామౌంట్‌కి పోతూ, టేపులు చివరికి నావే కావాలి అని రాయించుకున్నాడు. ఆ రోజుల్లో అలా అడగడమే వింత.

అహ్మెత్ సాబ్ దొంగ అని నేను అనను. నల్లవాళ్లకి రాయల్టీ అసలే ఇవ్వని కంపెనీలు అప్పుడు బోలెడు. వాటితో పోలిస్తే అట్లాంటిక్ మేలు. ఆయన ఆ మౌసిఖీని దిల్‌సే ప్రేమించాడు, తన పేరు తిరగేసి "నుగెత్రే" అని పాటలు కూడా రాశాడు. కానీ ప్రేమ వేరు, మజూరీ వేరు. దర్వాజా తెరిచి దావత్ పెట్టిన ఇల్లే ముప్పై ఏళ్లు హిసాబ్ చెప్పలేదు. ఇది చదివి, అంత ఇజ్జత్ ఇచ్చినవాణ్ని పైసల దగ్గర నిలదీస్తావా అని అడిగే పెద్దలు మనలో ఉన్నారు. వాళ్లకి రఫీ సాబ్ గుర్తొస్తారు. 1960ల్లో లతా మంగేష్కర్ గాయకులకి రాయల్టీ కావాలని పట్టుబడితే, పాడాం, తీసుకున్నాం, ఇక మనకేం హక్ అన్నారు రఫీ సాబ్. కొన్నేళ్లు ఇద్దరూ కలిసి పాడనే లేదు. మా ఇళ్లల్లో ఇది రఫీ సాబ్ పెద్ద మనసుకి మిసాల్‌గా చెప్తారు. నా రాయి లత వైపే. రఫీ సాబ్‌కి వదులుకునే స్తోమత ఉంది. కోరస్‌లో వెనక నిలబడ్డ మనిషికి లేదు. మన కానూన్‌లో గాయకులకి రాయల్టీ హక్ 2012 సవరణతోగానీ గట్టిపడలేదు. ఇప్పుడు మన గల్లీ పిల్లలు నాత్‌లు, షాదీ పాటలు యూట్యూబ్ చానళ్లకి పాడుతున్నారు. కాగితంలో ఏముందో అడిగితే, అంకుల్, మంచి మనిషే అంటారు.

రూత్ బ్రౌన్ మాత్రం అడిగింది. ఆమె పాటలంటే పడిచచ్చే హావెల్ బెగిల్ అనే వకీలు తోడొచ్చాడు. ఏళ్లు పట్టింది. 1988లో, అట్లాంటిక్ నలభై ఏళ్ల జష్న్ ముంగిట, ఆమెతో పాటు సుమారు 35 మంది పాత ఫనకార్ల బాకీలు కొట్టేసి, వెనకటి ఇరవై ఏళ్ల రాయల్టీ కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. రూత్ చేతికి చెక్కు వచ్చింది. పేదరికంలో పడ్డ ఫనకార్ల కోసం రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ ఏర్పడింది. దానికి అట్లాంటిక్ పది లక్షల డాలర్లకు పైనే ఇచ్చింది. దాన్ని కొందరు ఖైరాత్ అన్నారు. రూత్ దాన్ని హక్‌గానే చూసింది, అవార్డులూ వాటితో పాటే అందుకుంది.

2006 నవంబర్ 17న రూత్ పోయింది. నెల తిరగకముందే డిసెంబర్ 14న అహ్మెత్ సాబ్ పోయారు. ఆయన్ని ఇస్తాంబుల్‌లో ఉస్కుదార్ వైపున, తమ పూర్వీకులు షేక్‌లుగా ఉన్న ఖాన్‌ఖాలో దఫ్న్ చేశారు.

అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకి పైసలు పోతాయి, పాడినవాళ్లకి ఇప్పటికీ ఒక్క సెంటు పోదు. ఇంటర్నెట్‌లో మోగితే ఇవ్వాలని 1995లో కానూన్ చేశారు గానీ, 1972కి ముందు రికార్డులు అందులోకి రాలేదు. రూత్ పాటలన్నీ అంతకుముందువే. వాటికీ ఇవ్వాల్సిందేనని ఇంకో కానూన్ 2018లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి పన్నెండేళ్లు.