నీళ్లుంటేనే డ్యామా?

పరిశోధన పని మీద 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం చదువుతూ ‘డ్యామ్’ నిర్వచనం దగ్గర ఆగిపోయాను. నదికో ఉపనదికో అడ్డంగా, నీటిని నిలపడానికో మళ్లించడానికో కట్టిందే డ్యామట. మరి గని వ్యర్థాల బురదను ఆపే మట్టికట్ట? ఈ చట్టం లెక్కలో అది లేదు.

బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో 2019 జనవరి 25న తెగింది గని వ్యర్థాల కట్టే. 270 మంది చనిపోయారు. వ్యర్థం మీదే కట్టను అంచెలంచెలుగా పెంచుకుంటూ పోయారు. గట్టిగా కనిపించిన ఆ దిబ్బ ఒక్కసారిగా ద్రవమైపోయింది. కూలీల భోజనశాల సరిగ్గా దాని దిగువనే! అంతకు కొద్ది నెలల ముందే కట్ట భద్రమని ధ్రువపత్రం కూడా ఇచ్చారు.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తీశాక మిగిలిన బురదంతా టెయిలింగ్ పాండ్‌కే చేరుతుంది. పక్క ఊళ్ల రైతులు బోరు నీళ్ల గురించి, అరటి తోటల గురించి ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. జార్ఖండ్‌లోని జాదుగూడలో ఇదే సంస్థ పాండ్‌ల పక్కన ఆదివాసీల ఊళ్లున్నాయి. అక్కడ 2006 డిసెంబర్‌లో బురద పైపు పగిలింది.

అణుశక్తి నియంత్రణ మండలి ఉంది కదా అంటారు. ఆ మండలి ఏళ్లుగా జవాబు చెబుతూ వచ్చింది అణుశక్తి కమిషన్‌కు. కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. యురేనియం కార్పొరేషన్ ఆ శాఖదే.

1940లలో బాబాసాహెబ్ చూసిన కార్మిక శాఖ కింద గని కూలీలూ, నదీ ప్రాజెక్టులూ రెండూ ఉండేవి. ఇప్పటి చట్టానికి జలాశయమే కనిపిస్తోంది. ఆ నిర్వచనంలో గని వ్యర్థాల కట్టలనూ చేర్చాలి. కట్ట లోపలి నీటిమట్టం లెక్కలు, తెగితే బురద ఏ ఇళ్ల మీదికొస్తుందో చూపే పటం తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి, ఈ వానాకాలంలోపే.