వాట్ల కవిత్వం

స్టాండ్ మిక్సర్ల రివ్యూల్లో '1500 వాట్లు' అనేది సంఖ్య కాదు, విశేషణం. మన పుస్తక సమీక్షల్లో 'హృద్యంగా' అనే మాట చేసే పనే ఇక్కడ అదీ చేస్తుంది. చెప్పడానికి ఏమీ లేదన్న సంగతిని కప్పిపెడుతుంది. పెట్టె విప్పుతారు, రంగు చూపిస్తారు, గిన్నె మీద గోరుతో కొట్టి టంగుమనిపిస్తారు, ఒక కేకు కలిపి 'పవర్‌ఫుల్' అని ముగిస్తారు. కేకు పిండిని ఏ మిషనైనా కలుపుతుంది. దానికి రివ్యూ ఎందుకు?

నేను మాట్లాడేది బ్రెడ్ ముద్ద గురించి. కిలో గోధుమపిండి, 600 గ్రాముల నీళ్ళు, 20 గ్రాముల ఉప్పు, కాస్త ఈస్టు. బేగెల్ అయితే మైదాతో, నీళ్ళు ఇంకా తగ్గించి. మన చక్కీ పిండి నీళ్ళు బాగా పీలుస్తుంది కాబట్టి ఈ ముద్ద మైదా ముద్దకంటే మొండిగా ఉంటుంది. పది నిమిషాలు దీన్ని తిప్పడం మిషన్‌కి పరీక్ష. ఆ పరీక్ష పెట్టకుండా రాసిన రివ్యూ, అట్ట మీది మాటలు చదివి రాసిన సమీక్షలాంటిదే.

వాట్లు చెప్పేది మోటారు ప్లగ్గులోంచి ఎంత లాగుతుందన్నది. కొక్కెం పిండిని ఎంత బలంగా తిప్పుతుందన్నది కాదు. ఆ తిప్పే బలం పేరు టార్క్. ఇంటర్‌లో అందరం బట్టీపట్టాం, పరీక్ష అయ్యాక అందరం వదిలేశాం. కొక్కెం నిమిషానికి 100 సార్లు తిరుగుతూ 10 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకోండి. లెక్క కడితే అక్కడ కావాల్సిన శక్తి దాదాపు 105 వాట్లు. అంతే. మరి అట్టపెట్టె మీది మిగతా 1400 ఎక్కడికి పోయాయి? కొన్ని ఆఖరి స్పీడులో తప్ప బయటికే రావు, కొన్ని కాయిల్లోనూ గేర్లలోనూ వేడిగా పోతాయి, కొన్ని అచ్చులో మాత్రమే ఉంటాయి.

నమ్మకం కుదరకపోతే మీ ఇంట్లో టేబుల్ టాప్ గ్రైండర్ కింద ఏం రాసుందో చూడండి. చాలావాటి మీద 150 వాట్లనే ఉంటుంది. ఆ 150తోనే అది రాళ్ళు దొర్లిస్తూ అరగంట మినప్పప్పు రుబ్బుతుంది. పక్కనే ఉన్న 750 వాట్ల మిక్సీని ఏకబిగిన అరగంట తిప్పే ధైర్యం ఎవరికుంది? అది వేగానికి పుట్టింది, ఇది బరువుకి పుట్టింది. మన వంటింట్లో యాభై ఏళ్ళ వయసున్న ఎవర్ని అడిగినా ఈ తేడా చెప్తారు. ఇంజనీరింగ్ చదివిన మనమే స్టాండ్ మిక్సర్ దగ్గరికొచ్చేసరికి అంకె చూసి బోల్తా పడుతున్నాం.

అలాగని వాట్లు తక్కువుంటే మంచి మిషనని కాదు. కిచెన్‌ఎయిడ్ ఆర్టిజన్ 4.8 లీటర్ల మోడల్ 300 వాట్లు. స్వీడన్‌లో 1940లో పుట్టిన ఆంకర్‌స్రమ్ ఇప్పుడు 1500 వాట్లు. బరువైన ముద్దకి రెండోదే నయం. కారణం 1500 కాదు, దాని కట్టుబాటు. కొక్కెం తిరగదు, గిన్నే తిరుగుతుంది, రోలరు ముద్దని అంచుకి నొక్కుతుంది. ఆర్టిజన్‌లో తల ఎత్తే మడతబందు ఉంది. గట్టి ముద్ద పడితే ఆ తల ఊగుతుంది. పిండి పిసకడానికి రెండో స్పీడు దాటొద్దని దాని మాన్యువలే చెబుతుంది. లోపల ఒక గేరు కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు, బరువు మితిమీరితే మోటారు బదులు అది అరిగిపోవాలని. ఇదొక లోపంలాగా గగ్గోలు పెట్టేవాళ్ళున్నారు. నాకైతే అది నిజాయితీ అనిపిస్తుంది, విడిభాగం దొరికినంతవరకూ.

కొనేముందు మిషన్‌ని తిరగేసి కింద చిన్న రేకు చూడండి. చాలావాటి మీద 'కేబీ' అనే అక్షరాల పక్కన 5 నిమిషాలనో 10 నిమిషాలనో ఉంటుంది. ఆపకుండా ఎంతసేపు నడపొచ్చో చెప్పే గడువు అది. 1500 వాట్లని పెద్దక్షరాల్లో, 5 నిమిషాలని చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. బ్రెడ్ చేసేవాళ్ళకి కావాల్సింది ఆ చీమ తలకాయే. తర్వాత మిషన్ బరువు. మరీ తేలికైతే పిండి తిరుగుతున్నంతసేపూ గట్టు మీద నడవొచ్చు, మీరు దాన్ని పట్టుకుని నిలబడాల్సి రావొచ్చు. మే నెల హైదరాబాద్ వంటింట్లో ఇంకో తంటా. ముద్ద 24, 26 డిగ్రీల మధ్య ఉండాలి, వంటిల్లే 35 ఉంటుంది, పైగా రాపిడి వేడి. ఐసు నీళ్ళు పొయ్యక తప్పదు. ఈ ముక్క చెప్పిన రివ్యూ నాకింతవరకు కనబడలేదు.

ఇక రెండో వర్గం. 'చేత్తో పిసికితేనే రొట్టెకి ప్రాణం' అనేవాళ్ళు. ఎక్కువగా మగవాళ్ళు, అదీ ఆదివారాలు. ఇది రుబ్బురోలు నోస్టాల్జియాకి తమ్ముడు. రోటి పచ్చడి మీద మనకున్న కవితలకీ జ్ఞాపకాలకీ లెక్కలేదు. వాటిల్లో పొత్రం పట్టి భుజం లాగేసిన మనిషి గొంతు ఎన్నిట్లో వినబడుతుంది? గ్రైండర్ ఇంటికొచ్చిన రోజు మా అమ్మమ్మ రోలు కోసం కన్నీళ్ళేం పెట్టుకోలేదు. దాన్ని పెరట్లోకి దొర్లించి తులసి కుండీకి పీట చేసింది. స్టాండ్ మిక్సర్ పుట్టుక కథ కూడా ఇలాంటిదే. 1908లో హోబార్ట్ కంపెనీ ఇంజనీరు హెర్బర్ట్ జాన్‌స్టన్, ఒక బేకరీ మనిషి ఇనప గరిటెతో పిండి కలుపుతూ పడే అవస్థ చూశాడని చెబుతారు. ఇళ్ళలో వాడే మోడల్ 1919లో వచ్చింది. అంటే మొదట కనబడింది నొప్పిపెట్టే చెయ్యి. ఇప్పుడు కనబడేది గట్టు మీద టైల్స్‌కి నప్పే రంగు. గ్లూటెన్‌కి మాత్రం తనని సాగదీసేది అమ్మ చెయ్యో ఇనప కొక్కెమో తెలీదు.

వారానికి ఒక్క రొట్టె చేసేవాళ్ళకి ఏ మిషనూ అక్కర్లేదు, ఇది అమ్మేవాళ్ళు చెప్పరు. పిండీ నీళ్ళూ కలిపి అరగంట వదిలేస్తే సగం పని దానంతటదే అవుతుంది. రేమండ్ కాల్వెల్ అనే ఫ్రెంచి రొట్టెల మాస్టారు 1970ల్లోనే ఈ పద్ధతికి పేరు పెట్టాడు. మిషన్ కావాల్సింది వారానికి మూడు నాలుగు కిలోల పిండి పిసికేవాళ్ళకి, మణికట్టు నొప్పున్నవాళ్ళకి, చిన్నగా అమ్మకం మొదలుపెట్టినవాళ్ళకి. వాళ్ళకి నలభై వేలు నలభై వేలే.

వాళ్ళ కోసమైనా రివ్యూ రాసేవాళ్ళు ఒక్క శనివారం ఖర్చుపెట్టండి. కిలో గోధుమపిండి ముద్ద మూడుసార్లు వరసగా తిప్పండి. మూడోసారి అయ్యాక మిషన్ నెత్తి మీద చెయ్యి ఆనించగలిగారా, ముద్ద కొక్కెం పైకి ఎన్నిసార్లు ఎగబాకింది, తల ఊగిందా, గేరు పోతే మన ఊళ్ళో ఎవరు మారుస్తారు, ఎన్నాళ్ళకి. ఇవి రాయండి. రంగు ఫొటోలో మాకే కనబడుతుంది.