సుంకం అమెరికాలో, నష్టం చెరువు గట్టున

విదేశీ పెట్టుబడి వస్తే ఎగుమతులు పెరుగుతాయని, ఎగుమతులు పెరిగితే పల్లె బాగుపడుతుందని పాలకులు తరచూ చెబుతుంటారు. ఇందులో నిజం లేకపోలేదు. పశ్చిమ గోదావరి జిల్లా రొయ్యల చెరువులే అందుకు సాక్ష్యం. అయితే నష్టం వచ్చినప్పుడు మోసేదెవరన్నది కూడా చూడాలి.

1994-95లో వైట్ స్పాట్ తెగులు టైగర్ రొయ్యను దెబ్బతీసి ఎందరో రైతులను అప్పులపాలు చేసింది. 2009లో కేంద్రం వనామీకి అనుమతి ఇచ్చాక సాగు మళ్లీ లేచింది. తల్లి రొయ్యలు అమెరికా నుంచి వచ్చాయి. థాయ్‌లాండ్ కంపెనీల పెట్టుబడి, పరిజ్ఞానం మేత మిల్లులకు అందాయి. 2024-25లో దేశం నుంచి రూ.62,408 కోట్ల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి కాగా, అందులో సింహభాగం రొయ్యదే. ఆ రొయ్యలో ఎక్కువ పండించేది ఆంధ్ర రైతే.

కానీ సీడు ధర, మేత ధర, చివరకు కౌంటు ధర ఏదీ రైతు చేతిలో లేదు. సరుకు అన్నిటికంటే ఎక్కువగా అమెరికాకే పోతోంది. 2025 ఏప్రిల్ 2న ఆ దేశం మన సరుకులపై 26 శాతం సుంకం ప్రకటించింది. వారంలోనే అమలు వాయిదా పడింది. ఈలోగానే ఇక్కడ కొనుగోలుదారులు కౌంటు ధర తగ్గించేశారు. ఆగస్టులో సుంకం 50 శాతానికి చేరింది. ఎగుమతిదారు సరుకును శీతల గిడ్డంగిలో దాచుకోగలడు. పట్టుబడికి వచ్చిన రొయ్యను రైతు ఎక్కడ దాచాలి? చెరువులో ఉంచితే మేత ఖర్చు, తెగులు భయం. అందుకే అడిగిన ధరకే ఇచ్చేస్తున్నాడు.

విదేశీ వ్యాపారం వద్దనడం తెలివి కాదు. ఒక్క గుమ్మాన్నే నమ్ముకోవడమూ తెలివి కాదు. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో రొయ్యపై సుంకం రద్దుకు చోటుంది. ఇలాంటి మార్కెట్లు ఇంకా వెతకాలి. మందుల అవశేషాలుంటే యూరప్ దేశాలు సరుకు తిప్పి పంపుతాయని రైతులూ గుర్తుంచుకోవాలి. మన తీరపు తెల్ల రొయ్య సంతతిని మెరుగుపరిచేందుకు చెన్నైలోని సీబా సంస్థ చేస్తున్న కృషి త్వరగా చెరువులకు చేరాలి.

2020లో చట్టం చేసి నెలకొల్పిన రాష్ట్ర ఆక్వా అభివృద్ధి సంస్థ రోజువారీ కౌంటు ధరలను ఊరూరా తెలియజేయాలి. రైతు సంఘాలకు శీతల గిడ్డంగులు కట్టించాలి. డాలర్లు తెచ్చిపెడుతున్న రైతును ధర పడిన రోజున ఒంటరిగా వదిలేయడం న్యాయం కాదు.