కూలి ఎగ్గొడితే అది వెట్టే

రెజిమెంటల్ బజార్ పేరులోనే పటాలం ఉంది. తెల్లదొరల పటాలాలు పోయినయి, బజారు మిగిలింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు దిగి, సంచి భుజాన వేసుకొని పని వెతుక్కునే మనవాళ్లు ఇప్పటికీ ఈ సందుల్లోంచే నడుస్తున్నారు. పాలమూరు, నల్లగొండ, శ్రీకాకుళం, ఒడిశా – ఊరు ఏదైనా వచ్చేది మాత్రం ఊరి చివరి ఇళ్ల నుంచే. మాదిగ వాడ, మాల వాడ, తండా.

మొన్న ఒక భార్యాభర్త, వాళ్ల తమ్ముడు మా దగ్గరికి వచ్చారు. ఒక బిల్డింగు దగ్గర 11 రోజులు సెంట్రింగ్ పని చేశారు. మగవాళ్లకు రోజుకు 900, ఆడమనిషికి 650 అని మాట. ముగ్గురికీ కలిపి 26,950 రూపాయలు రావాలి. ఖర్చులకని మధ్యలో ఇచ్చింది 2,950. మిగిలిన 24,000 అడిగితే మొదట "బిల్లు రాలే" అన్నాడు మేస్త్రి. తర్వాత "రేపు రా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

"ఆ బిల్డింగు ఎవరిది?" అని అడిగాం. తెలియదు. "కాంట్రాక్టర్ ఎవరు?" తెలియదు. వాళ్లకు తెలిసింది ఒక్క మేస్త్రి పేరు, అదీ సగం పేరు.

ఇది ముగ్గురి కథ కాదు. ప్రతి అడ్డా మీద ప్రతి వారం వినిపించే కథ. పని చేయించుకున్న గోడ నిలబడే ఉంటుంది. కట్టిన చెయ్యి మాత్రం ఉత్తదే. ఇక్కడ పైసలు ఆగితే ఊళ్లో అప్పు ఆగదు, వడ్డీ పెరుగుతుంది. ఆ వడ్డీ కోసం మళ్లీ అదే మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకోవాలి. తాతలు దొర గడీ ముందు చేసిన చాకిరీకీ, మనవలు అపార్ట్‌మెంట్ ముందు చేసే చాకిరీకీ తేడా ఎక్కడుంది?

తేడా లేదని సుప్రీంకోర్టే 1982లో చెప్పింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కడుతున్న రోజులవి. కూలీల కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. మధ్యలో జమేదార్లు ఒక్కో రూపాయి కోసుకొని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టారు. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని కోర్టు తీర్పు ఇచ్చింది. కొరడా పట్టుకొని నిలబడితేనే నిర్బంధం కాదు, ఆకలి కూడా నిర్బంధమే అన్నది ఆ తీర్పు సారం. ఒక్క రూపాయి కోత నిర్బంధ చాకిరీ అయితే, 11 రోజుల కూలి మొత్తం మింగడాన్ని ఏమనాలి?

23వ అధికరణం మనకు ఎవరో దానం ఇచ్చింది కాదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లో కనీస వేతనాల బిల్లు పెట్టారు. అది 1948లో చట్టమయింది. ఆయన ఆధ్వర్యంలో రాసిన రాజ్యాంగం అంటరానితనాన్ని 17వ అధికరణంలో, వెట్టిని 23వ అధికరణంలో నిషేధించింది. రెండూ ఒకే శత్రువుకు రెండు పేర్లని మన అనుభవం చెబుతుంది.

ఇప్పుడు చట్టం మారింది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ కోడ్‌లో మనకు పనికొచ్చేవి ఏమిటో ప్రతి వాడలో చదివి వినిపించాలి.

రోజు కూలికి ఆ రోజు పని ముగిసేసరికే పైసలివ్వాలి. వారం కూలికి వారం చివరి పనిదినాన, నెల జీతం వచ్చే నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. పని మానేసినా, మాన్పించినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే పని జరిగిన సంస్థ యజమానే కట్టాలి. బాకీపడ్డ నాటి నుంచి మూడేళ్ల దాకా అర్జీ పెట్టుకోవచ్చు. ఒకే చోట పని చేసినవాళ్లు ఎంతమందైనా కలిసి ఒక్క అర్జీ పెట్టవచ్చు. రిజిస్టర్ అయిన సంఘం తన సభ్యుల తరఫున పెట్టవచ్చు. బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. అన్నిటికంటే పెద్ద మాట: జీతం ఇచ్చానని రుజువు చేసుకోవలసింది యజమాని. "ఇయ్యలేదని నువ్వే చూపించు" అంటే చెల్లదు.

ఇదే కోడ్‌లో మన కాళ్లకు తగిలే రాళ్లూ ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ కాస్తా 'ఫెసిలిటేటర్' అయ్యాడు. తప్పు చేసిన యజమాని మీద కేసు పెట్టే ముందు సర్దుకోవడానికి అవకాశం ఇవ్వాలట. కూలికి మాత్రం షావుకారి అట్లా గడువు ఇస్తాడా? ఇంకో కోడ్, 2020 నాటి వృత్తి భద్రత కోడ్, ఇంకో రాయి వేసింది: కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇదివరకు 20 మంది ఉన్నచోట వర్తించేవి, ఇప్పుడు 50 మంది ఉండాలి. చట్టం చేతికిచ్చింది కర్ర మాత్రమే. నడవాల్సింది మనం.

నడిస్తే ఏమవుతుందో 2020లో చూశాం. లాక్‌డౌన్‌లో సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ కట్టడంలో చిక్కుకుపోయిన వలస కూలీలు ఏప్రిల్ 29న వందలుగా బయటికొచ్చారు. బాకీ జీతాలు ఇవ్వండి, మమ్మల్ని ఊరికి పంపండి అన్నారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో దేశంలో మొదటి శ్రామిక్ రైలు కదిలింది. విడివిడిగా బతిమాలితే కదలని రైలు, కలిసి నిలబడితే కదిలింది.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. "మేస్త్రి మనోడే కదా, కేసెట్ల పెడతం?" అని మన సంఘాలు వెనకాడుతున్నాయి. నిజమే, చాలాచోట్ల గుంపు మేస్త్రి మన వాడవాడే. పైవాడు వాణ్ణి ముంచితే వాడు మనల్ని ముంచుతున్నాడు. మేస్త్రితో కొట్లాడి ఆగిపోవద్దు. మేస్త్రినే సాక్షిగా నిలబెట్టి పైకి ఎక్కాలి. బోర్డు మీద పేరున్నవాడి దాకా పోవాలి.

ఇంకో మాట. దళితులతో, గిరిజనులతో వెట్టి చేయించుకోవడం 1989 అత్యాచార నిరోధక చట్టంలో నేరం. 2015 సవరణ తర్వాత అది 3(1)(హెచ్). కూలి ఒక వారం ఆలస్యమైతే అట్రాసిటీ అని మేం అనడం లేదు. కానీ బాకీ ఆపి, బెదిరించి, ఆ బాకీ ఆశతోనే ఇంకా పని చేయించుకుంటే? కులం పేరున్న మనిషిని కట్టి పడేసినట్టే. అప్పుడు పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కడానికి జంకవద్దు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. పనిలో దిగిన రోజే ఆ జాగా బోర్డును ఫోన్లో ఫోటో తీయండి. ప్రతి గుంపులో చదువుకున్న ఒక పిల్లో పిల్లగాడో రోజువారీ హాజరు నోటుబుక్‌లో రాయాలి: తేదీ, పేరు, కూలి, ఇచ్చింది, బాకీ. పైసలు పంపిన మెసేజ్‌లు చెరిపేయొద్దు. రైల్వే కాంట్రాక్టు పనైతే కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసుకు, మామూలు కట్టడమైతే రాష్ట్ర కార్మిక శాఖకు అర్జీ పోవాలి. తప్పు ఆఫీసుకు పోతే నెలలు పోతాయి. దళితులకు, గిరిజనులకు, ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. అది 1987 చట్టం ఇచ్చిన హక్కు, అడిగి తీసుకోవాలి.

మా దగ్గరికి వచ్చిన ముగ్గురికి ఇంకా పైసలు రాలేదు. కానీ 2,950 పంపిన మెసేజ్ ఆమె ఫోన్లో ఉంది. బిల్డింగు ముందు ముగ్గురూ దిగిన ఫోటోలో వెనక బోర్డు మీద కంపెనీ పేరు కనిపించింది. ఆ రెండూ జత చేసి అర్జీ రాశాం. సంతకం చేసేటప్పుడు ఆమె ఒక మాట అడిగింది: "సారూ, పని ఒక్కటే గదా, నాకెందుకు 650?" చట్టం ఆ తేడానూ ఒప్పుకోదు. ఆ ప్రశ్నను కూడా అర్జీలో రాశాం.

చేసిన పనికి కూలి అడగడం బిచ్చం కాదు. అడ్డా అడ్డాకూ ఒక నోటుబుక్, వాడ వాడకూ ఒక సంఘం. అక్కణ్నుంచి మొదలుపెడదాం.

జై భీం!