కొత్త మోడెమ్ కొనే ముందు ఒకసారి కొలిచి చూడండి

వారం రోజులుగా మన గ్రూపులో ఒకటే మాట తిరుగుతోంది. కేబుల్ వాళ్ళు ఆఫర్ ఇచ్చారట, పాతిక ఇళ్ళు చేరితే కొత్త మోడెమ్ ధర తగ్గిస్తారట, నెట్ పరిగెత్తుతుందట, పేర్లు ఇవ్వండి అని. చాలామంది ఇచ్చేశారు. నేను ఇవ్వలేదు. ఎందుకని ఇద్దరు ఫోన్ చేసి అడిగారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొడుగైతే సర్దుకోండి. రిటైరైన గుమాస్తా చేతికి కాగితం దొరికితే అంతే.

మోడెమ్ మార్చడం తప్పని నేను అనను. కొన్ని ఇళ్ళకి అదే మందు. టీవీకి వచ్చేలాంటి లావు నల్ల వైరు మర తిప్పి బిగించి ఉంటే, మీది నిజంగా కేబుల్ మోడెమ్. పెట్టె అడుగున చీటీ చూడండి. డాక్సిస్ 2.0 అని ఉంటే అది ఒక్క చానెల్ మీద నడిచేది. నలభై, యాభై ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది, మీరు 100 ప్లానుకి డబ్బు కడుతున్నా సరే. 3.0 రకం ఎనిమిది చానెళ్ళు కలిపి పట్టుకుంటే 300 దాటుతుంది. కేబుల్ వాళ్ళ వైపు కూడా దానికి తగ్గ పరికరం ఉండాలి, అది మరిచిపోకుండా అడగండి.

కానీ వైరు సన్నగా, పసుపు రంగులోనో తెలుపులోనో వస్తే అది ఫైబర్. ఫోను వైరులా క్లిప్పుతో వస్తే అది లాన్ కేబుల్, మీ ఇంట్లో ఉన్నది వట్టి వైఫై రౌటర్. మనం మూడింటినీ మోడెమ్ అనేస్తాం. అమ్మేవాడు కూడా అలాగే అంటాడు, వాడికేం నష్టం?

రైల్వేలో పనిచేసినవాడిని, నాకు ఆ ఉదాహరణే వస్తుంది. దారిలో ఒకచోట 30 కిలోమీటర్ల కాషన్ బోర్డు ఉంటే, ముందు ఎంత పెద్ద ఇంజను తగిలించినా అక్కడ 30కే పోవాలి. మన రైల్‌టెల్ సంస్థ 2000లో మొదలై, పట్టాల పక్కన ఫైబర్ వేసి, రైల్‌వైర్ పేరుతో ఊళ్ళలోని కేబుల్ వాళ్ళ ద్వారా ఇళ్ళకి నెట్ ఇస్తోంది. అంత దూరం దివ్యంగా వచ్చిన లైను, కరెంటు స్తంభం నుంచి మీ హాలు దాకా ఉన్న ఆ కాస్త దూరంలో చెడిపోవచ్చు.

ఎలా చెడిపోతుందో చెబుతాను. లాన్ కేబుల్‌లో ఎనిమిది సన్న తీగలుంటాయి. నాలుగే బిగించినా నెట్ వస్తుంది, కానీ 100 దాటదు. వైరు మిగుల్చుకోవడానికో, తొందరలోనో నాలుగే బిగించి పోయేవాళ్ళున్నారు. ఆ ఇంట్లో 200 ప్లాను దండగ. లావు వైరు ఇళ్ళలో టీవీకీ నెట్‌కీ పంచే చిన్న స్ప్లిట్టర్ ఉంటుంది, రెండుగా పంచినప్పుడల్లా సిగ్నల్ సగం అవుతుంది. ఇంకొందరు రౌటర్‌ని టీవీ బీరువాలో, వినాయకుడి బొమ్మ వెనకాల పెట్టి, పడకగదిలో నెట్ రావడం లేదంటారు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ గోడ దాటితే నీరసపడుతుంది. 2.4 గోడ దాటుతుంది, అయితే పక్కింటి వాళ్ళందరి వైఫై కూడా అందులోనే గుమికూడి ఉంటుంది.

ఎంత స్పీడు కావాలన్నది ఇంకో సంగతి. 2004లో సెకనుకి 256 కిలోబిట్లు వస్తే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అన్నది ప్రభుత్వం. 2023లో ఆ హద్దును 2 ఎంబీపీఎస్ చేసింది. అమెరికాలో ఉన్న కొడుకుతో వీడియోలో మాట్లాడటానికి మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. మన పిల్లకాయల ఆదివారం తెలుగు క్లాసులో బొమ్మ ఆగిపోయేది చాలాసార్లు అప్‌లోడ్ చాలకనే. కేబుల్ లైనులో పైకి పోయే దారి మొదటి నుంచీ ఇరుకు. డౌన్‌లోడ్ 300 అని చెప్పి అమ్మేవాణ్ణి అప్‌లోడ్ ఎంత అని అడగండి, మొహం చూడండి.

బళ్ళో మా తమిళ వాద్యార్ చెప్పేవారు, ‘ఆత్తుల పోట్టాలుం అళందు పోడు’ అని. ఏట్లో పోసినా కొలిచి పోయమని. మన తెలుగులోనూ ఏట్లో పారేసినా ఎంచి పారేయమంటారు కదా.

కాబట్టి నేను అడిగేది ఇది. అసోసియేషన్ పాతిక మోడెమ్‌లకి సంతకం పెట్టకముందు, ఐటీలో పనిచేసే మన తమ్ముళ్ళు ఇద్దరు ల్యాప్‌టాప్ పట్టుకుని, పేర్లిచ్చిన ఇళ్ళకి ఒక ఆదివారం వెళ్ళి రావాలి. ల్యాప్‌టాప్‌కి నేరుగా వైరు తగిలించి ఒకసారి, వైఫై మీద పడకగదిలో ఒకసారి కొలవాలి. వైరు మీద ప్లాను స్పీడు పూర్తిగా వస్తుంటే తప్పు వైఫైది, రౌటర్ చోటు మార్చి చూడొచ్చు. వైరు మీదే రాకపోతే, ముందు తీగలూ స్ప్లిట్టరూ సరిచేయమని కేబుల్ వాళ్ళని అడగాలి. అది వాళ్ళ పని, దానికి మనం డబ్బు కట్టక్కరలేదు. అప్పటికీ రాకపోతే, పెట్టె పాతదే అయితే, ఆ ఇంటికి మోడెమ్ మార్చుదాం. పాత పెట్టెకి కట్టిన డిపాజిట్ కూడా వెనక్కి అడుగుదాం, దాని ఊసే ఎవరూ ఎత్తడం లేదు.

మనలో సగం మంది పెన్షన్ మీద ఉన్నవాళ్ళం. ఇద్దరే ఉండే ఇంటికి 300 ప్లానూ కొత్త పెట్టే అంటగడితే, అడగలేక కట్టేస్తారు.

తమ్ముళ్ళు ఎవరు వస్తారో కింద రాయండి. నోట్‌బుక్కు నేను తెస్తాను, ఇంటింటి లెక్కా రాసిపెడతాను. పేర్లిచ్చినవాళ్ళు అంతదాకా అడ్వాన్సు కట్టకండి.