బస్సులో ఆకాశభాషితం

సంస్కృత రూపకాలు చదువుకున్నవారికి రంగస్థలం మీది మాట పలు విధాలని గుర్తుండే ఉంటుంది. అందరికీ వినబడేటట్లు పలికితే ప్రకాశం. తనలో తాను అనుకుంటే స్వగతం. చుట్టూ పదిమంది ఉన్నా ఒక్కరికే వినబడాలని, ఉంగరపు వేలు వంచిన త్రిపతాకహస్తం అడ్డుపెట్టి పలికితే జనాంతికం. ఇక ఎదుట లేని మనిషితో ఉన్నట్లే సంభాషిస్తే అది ఆకాశభాషితం. భాణమనే రూపకంలో పాత్రధారి ఒక్కడే. ఆ ఒక్కడే ఆకాశంలోకి చూస్తూ "ఏమంటివి?" అని అడిగి, అవతలివాడి మాట తానే చెప్పి, దానికి బదులు కూడా తానే ఇస్తూ కథంతా నడిపిస్తాడు.

భాషాప్రవీణ చదివే రోజుల్లో ఈ ఆకాశభాషితాన్ని మా తలకెక్కించడానికి గురువుగారు బల్ల పక్కన నిలబడి అభినయించి చూపవలసి వచ్చింది. ఈనాటి విద్యార్థికి అంత శ్రమ అక్కరలేదు. ఏ ఊరి బస్టాండులోనైనా పది నిమిషాలు కూర్చోబెడితే చాలు. ఒకడు స్తంభాన్ని ఆనుకొని గాలితో పోట్లాడుతుంటాడు. ఒకావిడ టీ కొట్టు ముందు నిలబడి, చేతులు తిప్పుతూ, ఎక్కడో ఉన్న కోడలికి ఊరగాయ కలపడం నేర్పుతుంటుంది. ఏలూరులో బయలుదేరిన బస్సు ఇంకా హనుమాన్ జంక్షనైనా దాటదు; కిటికీ పక్కనున్న పెద్దమనిషి మాత్రం "వచ్చేశానండీ, బెంజి సర్కిల్ దగ్గరున్నా" అని నలభైమంది సాక్షుల ఎదుట నిర్భయంగా సెలవిస్తాడు. బ్యాంకులో ఒకాయన తన ఖాతాకు వచ్చిన ఓటీపీ అంకెలను పద్యం అప్పజెప్పినట్లు ఒక్కొక్కటే విడదీసి చదువుతాడు. వినేవారిలో దొంగ లేకపోవడం ఆయన పూర్వజన్మ సుకృతం.

ఇవన్నీ నవ్వుకొని విడిచిపెట్టదగిన సంగతులే. చెవులు చిల్లులు పడుతున్నాయన్న ఫిర్యాదు కూడా కొత్తదేమీ కాదు. నేను చెప్పదలచింది వేరొక సంగతి. ఫోను మర్యాద అనగానే మనం పక్కన కూర్చున్నవాడి చెవి గురించే ఆలోచిస్తున్నాము. ఫోనుకు అవతలి కొసన ఉన్న మనిషి గురించి ఎవరమూ ఆలోచించడం లేదు. అసలు అన్యాయం జరుగుతున్నది ఆ మనిషికి.

ముందుగా, మనవాళ్ళకు ఫోనులో అరిచి మాట్లాడే అలవాటు ఎందుకు వచ్చిందో చెప్పుకోవాలి. మా చిన్నతనంలో దూరపు ఊరితో మాట్లాడాలంటే తపాలా కార్యాలయానికి వెళ్ళి ట్రంక్ కాల్ నమోదు చేయించుకొని, గంటల తరబడి కాచుకొని కూర్చునేవారు. తీరా లైను కలిస్తే, కేకవేస్తే గాని అవతలి మనిషికి వినబడేది కాదు. ఊరు ఎంత దూరమైతే గొంతు అంత పెంచాలని మాలో చాలామందికి ఒక నమ్మకం స్థిరపడిపోయింది. అమెరికాలోని మనవడితో మాట్లాడేటప్పుడు తాతగారి గొంతు వీధి చివరిదాకా వినబడటంలో ఆయన తప్పు తక్కువ, ఆనాటి తీగల తప్పు ఎక్కువ.

ఆ తరువాత వచ్చిన ఎస్.టి.డి. బూత్‌లలో ఒక గొప్ప విశేషముండేది. దానికి తలుపు ఉండేది. మనిషి నిలబడేంత అద్దాల గది. లోపల ఫోను, కళ్ళెదుట పరుగెత్తే ఎర్ర అంకెల మీటరు. రాత్రి రేటు తగ్గాక బయట పదిమంది బారు తీరి ఉన్నా, లోపలికి వెళ్ళినవాడు తలుపు వేసుకునేవాడు. అతని పెదవుల కదలిక కనబడేది గాని మాట వినబడేది కాదు. సొంత గది లేని పేదవాడికి కూడా, మాట్లాడినంతసేపైనా, ఒక తలుపు దక్కేది.

1995 జులై 31న నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. మన దేశంలో సెల్‌ఫోను మాట అలా మొదలైంది. తొలినాళ్ళలో చేసిన కాలుకే కాక, వచ్చిన కాలుకూ డబ్బు కట్టవలసి వచ్చేది. 2003లో ఆ భారం తొలగింది. 2016లో జియో వచ్చాక మాట్లాడే మాటకు వేరే వెలకట్టడం దాదాపు పోయింది. నిమిషానికి ఇంతని ధర ఉన్న రోజుల్లో రెండు ముక్కల్లో తేల్చేవారు, లేదా మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకునేవారు. ధరతో పాటు మితమూ పోయింది, తలుపూ పోయింది. చౌకగా మాట్లాడగలగడం చెడ్డదని నేననను. గల్ఫుకు పోయిన కొడుకు గొంతు రోజూ వినగలుగుతున్న తల్లిని అడిగితే ఈ చౌక విలువ ఎంతో తెలుస్తుంది. తలుపు పోయిన సంగతిని మాత్రం మనం గమనించలేదు.

పక్కవాడి ఫోను సంభాషణ మనకు అంత చిరాకు ఎందుకు కలిగిస్తుంది? ఇద్దరు మనుషులు పక్క సీటులో కూర్చొని అంతే గట్టిగా మాట్లాడుకుంటే అంత బాధ ఉండదు కదా! అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం దీనిని పరిశీలించింది. ఇద్దరి మాటలూ వినబడినప్పటికంటే, ఒకరి మాట మాత్రమే వినబడినప్పుడు వినేవారి ధ్యాస ఎక్కువగా చెదురుతోందని అందులో తేలింది. వినబడని సగాన్ని మన మనస్సు అడగకుండానే పూరించబోతుంది. "అయ్యో, ఎప్పుడూ?" అని పక్కవాడు అంటే, ఏమైందో, ఎవరికైందో అని మన ప్రాణం కొట్టుకుంటుంది. మన ప్రాచీన నాటకకర్తలకు ఈ కిటుకు తెలుసుననుకుంటాను. అందుకే భాణంలో పాత్రధారి "ఏమంటివి?" అని, అవతలి మాటను తానే పలికి, ప్రేక్షకుడికి ఆ సగం బాధ లేకుండా చేశాడు.

ఆ బాధ తీర్చడానికే కాబోలు, మనవాళ్ళు స్పీకరు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టారు! ఫోనును అప్పడంలాగా అరచేతిలో పట్టుకొని, నోటి ముందు ఉంచుకొని మాట్లాడుతున్నారు. ఇప్పుడు రెండు సగాలూ వినబడతాయి. శ్రోత కుతూహలం తీరింది. కాని ఈసారి రచ్చకెక్కింది అవతలి మనిషి.

కొంతకాలం క్రిందట నేను ప్రయాణిస్తున్న బస్సులో, ముందు వరుసలో ఒక పెద్దాయన ఇలాగే మాట్లాడుతున్నారు. అవతల ఆయన కూతురు. అత్తవారింట్లో డబ్బు దగ్గర వచ్చిన ఏదో చిక్కు చెబుతున్నది. చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయింది. "నాన్నా, ఈ సంగతి అమ్మకు కూడా చెప్పకు" అన్నది. అమ్మకు కూడా తెలియకూడదనుకున్న మాట బస్సంతా విన్నది. టిక్కెట్లు కొడుతున్న కండక్టరు చెయ్యి ఆగింది. చివరికి పక్క వరుసలోని ఒక నడివయసు ఇల్లాలు లేచి, ఆయన మీదికి వంగి, "బాబాయిగారూ, అమ్మాయి మాట అందరికీ వినబడుతోందండీ, స్పీకరు తీసెయ్యండి" అని మెల్లగా చెప్పింది. ఆయన తెల్లబోయి, "ఆ మీట ఎక్కడుందో నాకు తెలీదమ్మా, మా మనవడు పెట్టిచ్చాడు" అన్నారు. ఆమె నొక్కి చూపించింది. ఆయన ఫోను చెవికి ఆనించుకొని, తల వంచుకొని, "ఆఁ, చెప్పమ్మా" అన్నారు. ఆ తరువాత ఆయన ఏమన్నారో ఎవరికీ వినబడలేదు.

ఆ పెద్దాయన మర్యాద లేని మనిషి అని ఎవరనగలరు? చెవి మందగించినవారు, మీటలు తెలియనివారు, చేతిలో పని ఉన్నవారు స్పీకరు పెట్టుకోవడం సహజం. కాని ఆ అమ్మాయి మాటేమిటి? ఆమె తన తండ్రి చెవిలో చెబుతున్నానని అనుకున్నది. ఆమె పలికింది జనాంతికం. ఆమె ప్రమేయం లేకుండా అది ప్రకాశమైపోయింది.

మనది నలుగురిలో బ్రతికే జాతి, రచ్చబండ మీద అన్నీ మాట్లాడుకున్నవాళ్ళం, ఈ గుట్టు, గోప్యం అనేవి పట్నవాసపు ముచ్చట్లని కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. రచ్చబండను నేనూ ఎరుగుదును. అక్కడ నోరు విప్పినవాడికి తన మాట ఎవరెవరు వింటున్నారో కళ్ళెదుట కనబడుతుంది. ఆ లెక్క చూసుకొనే ఎంత చెప్పాలో అంత చెబుతాడు. పరాయివాడు వస్తే మాట మారుస్తాడు. స్పీకరులో ఉన్న మనిషికి ఆ చూపు లేదు. తన ముందు ఎంత సభ తీరి ఉన్నదో తెలియకుండా మాట్లాడుతుంది. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత పుట్టించిన పల్లెవారికి గోప్యం విలువ తెలియదనడం ఎలా?

దీనికి నిదర్శనం కావాలంటే మన ఉత్తరాల కాలాన్ని తలచుకోండి. పెళ్ళిచూపులకు వస్తున్నామనో, పంట ఇంటికి చేరిందనో, క్షేమంగా చేరామనో రాయడానికి పోస్టుకార్డు. అప్పు సంగతి, జబ్బు సంగతి, ఆడపిల్ల కష్టం రాయవలసి వస్తే ఇన్‌లాండు గాని కవరు గాని. కార్డును తపాలా జవాను మొదలు అరుగు మీద కూర్చున్నవారి దాకా ఎవరైనా చదువుతారని, కవరును పేరున్నవారే చింపుతారని చదువురాని అవ్వకు కూడా తెలుసు. ఆమె ఉత్తరం రాయించుకునేటప్పుడు "ఇది కార్డు మీద వద్దు బాబూ, కవరు తెస్తాను" అనేది. అది ఏ బడిలోనూ నేర్పిన పాఠం కాదు.

ఫోనులో వచ్చే మాట కవరులోని ఉత్తరం. దానిని నలుగురిలో స్పీకరు మీద పెట్టడం ఇంకొకరి కవరు చింపి బజారులో పైకి చదవడం. ఉత్తరమైతే ఎవరమూ చేయని పనిని ఫోను దగ్గర రోజూ చేస్తున్నాము.

శాసనాలు లేకపోలేదు. కర్ణాటకలో హైకోర్టు ఆదేశం మీద 2021 నవంబరులో అక్కడి ఆర్టీసీ బస్సులలో ఫోను స్పీకరు మీద బిగ్గరగా పాటలు పెట్టడాన్ని నిషేధించారు. 2022 జనవరిలో రైల్వేశాఖ, రాత్రి పది దాటాక పెట్టెలలో ఫోను మీద బిగ్గరగా మాట్లాడడం, పాటలు పెట్టడం కూడదని ఆదేశాలిచ్చింది. మంచిదే. కాని ఈ నిబంధనలు కాపాడేది తోటి ప్రయాణికుడి నిద్రను, చెవులను. అవతలి కొసన ఉన్న మనిషి పరువును కాపాడే భారం ఫోను పట్టుకున్నవాడి మీదనే ఉన్నది. అక్కడికి ఏ టీటీఈ రాడు.

కుర్రకారును ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు చెవుల్లో ఏదో పెట్టుకొని తమ లోకంలో తాముంటున్నారు. నేను గమనించినంతవరకు ఆసుపత్రి వరండాలలో వీడియోలు బిగ్గరగా పెట్టి చూసేవారిలో, పదోరోజు కర్మ జరిగే ఇంట సినిమా పాట మోగించేవారిలో, స్పీకరు మీద సంసారాలు చక్కబెట్టేవారిలో మా పింఛనుదారులే ఎక్కువ. పిల్లలకు బుద్ధులు చెప్పే అర్హత మిగలాలంటే ముందు మేమే మారాలి.

ఉపాధ్యాయుణ్ణి గనుక ఒక మాట. లేఖారచన అని పాఠ్యప్రణాళికలో ఒక భాగముండేది. ఎవరిని ఏమని సంబోధించాలి, ఎక్కడ తేదీ వెయ్యాలి, ఉభయకుశలోపరి అని ఎలా మొదలుపెట్టాలి, చివర ఎలా సెలవు తీసుకోవాలి అని ఏళ్ళ తరబడి నేర్పాము. ఉత్తరాలు వెళ్ళిపోయాయి, ఆ పాఠంలోని సారం మాత్రం ఫోనుకు బదిలీ కాలేదు. తరగతిలో ఒక్క గంట చాలు: ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి, నలుగురిలో ఉన్నప్పుడు ఫోను ఎలా మాట్లాడాలో ఆడించి చూపవచ్చు. నేర్పవలసినవి కూడా చాలా లేవు.

చేసేవాడు "ఎక్కడున్నావు?" అని ప్రారంభించకుండా "ఇప్పుడు మాట్లాడవచ్చునా?" అని అడగాలి. ఎత్తినవాడు నలుగురిలో ఉంటే ఆ ముక్క ముందే చెప్పాలి. స్పీకరు తప్పనిసరైతే, "అమ్మా, స్పీకరులో పెట్టాను, చుట్టూ జనం ఉన్నారు" అని ఒక్క వాక్యం అనాలి. అంతే. ఆ వాక్యం విన్న కూతురు తన కష్టాన్ని ఏ మేరకు చెప్పుకోవాలో తానే నిర్ణయించుకుంటుంది. సాయంత్రం మాట్లాడతాను నాన్నా అని పెట్టేస్తుంది. కార్డు మీద రాయాలో, కవరులో పెట్టాలో తేల్చుకునే హక్కు ఉత్తరం రాసేవారిది. ఆ హక్కు ఆమెకు తిరిగి ఇచ్చినట్లవుతుంది.

మర్యాద అన్న మాటకు సంస్కృతంలో హద్దు అని అర్థం. పొలానికి గట్టు వంటిది. ఇంతవరకు నాది, ఆపైన ఇంకొకరిది అని తెలిసి మసలుకోవడమే మర్యాద. గట్లు యంత్రాలు వెయ్యవు, ఆసాములే వేసుకోవాలి.

మీ మీ ఊళ్ళలో, మీరెక్కే బస్సులలో, రైళ్ళలో ఎలా ఉన్నదో తెలుపగలరు. అంతకంటే ముందు, మీ ఇంట్లోని పెద్దవారికి స్పీకరు తీసే మీట ఎక్కడున్నదో ఒక్కసారి చూపించండి.