స్వంత పుట

మానవుడు తన మనస్సులోని మాటను మరియొకరితో చెప్పుకొనక నిలువలేడు. వినువారు దగ్గర లేనప్పుడు కాగితముపై వ్రాసికొనును. దినచర్యలును, లేఖలును అట్లు పుట్టినవే. ఇంటిపనులతో తీరిక లేని స్త్రీలు సైతము పద్దుల పుస్తకము వెనుకపుటలలో తమ తలపులను వ్రాసికొనుట కలదు. కాని ఆ వ్రాతలలో పెక్కులు పెట్టె అడుగుననే ఉండి చెదలపాలైనవి. అచ్చులో కనబడవలెనన్నచో పత్రికా సంపాదకుని అంగీకారము కావలసియుండెను. 1902లో వెలువడిన 'హిందూసుందరి', 1928లో వెలువడిన 'గృహలక్ష్మి' వంటి పత్రికలు తెలుగు స్త్రీల రచనలకు చోటిచ్చి గొప్ప మేలు చేసినవి. అయినను పత్రికలో పుటలు కొన్నియే, వ్రాయదలచినవారు అనేకులు.

ఈ అడ్డంకిని తొలగించిన సాధనము బ్లాగు. లోకమున ఎక్కడనున్నవారైనను కంప్యూటరులో చదువగల దినచర్యయే బ్లాగు. క్రొత్త వ్రాత పైనను, పాతవి తేదీల వరుసలో దాని క్రిందను ఉండును. చదువరులు తమ అభిప్రాయములను అక్కడనే వ్రాయవచ్చును. 'వెబ్‌లాగ్' అను పేరు 1997లోను, దాని కురుచ రూపమైన 'బ్లాగ్' 1999లోను ఏర్పడినవి.

ఒక స్త్రీ తన ముచ్చట్లు వ్రాసికొనుటకై కోరిన పనిముట్టు ఎంత దూరము ప్రయాణము చేసినదో తెలిసికొన్నచో ఈ సాధనము యొక్క మేలును, కీడును కూడ బోధపడును. అమెరికా దేశమున మెనా ట్రాట్ అను యువతి 2001వ సంవత్సరములో ఒక బ్లాగు వ్రాయుచుండెను. అప్పటికే బ్లాగులు వ్రాయుటకు కొన్ని సాధనములున్నను అవి ఆమెకు తృప్తి నీయలేదు. తనకు కావలసిన సాఫ్టువేరును తామే తయారు చేసికొనవలెనని ఆమెయు, ఆమె భర్త బెన్ ట్రాట్‌యు నిశ్చయించిరి. భర్త ప్రోగ్రాము వ్రాసెను. దాని రూపమును ఆమె తీర్చిదిద్దెను. 2001 అక్టోబరులో ఆ సాఫ్టువేరును ఇతరులకును అందజేసిరి. దానికి 'మూవబుల్ టైప్' అని పేరు పెట్టిరి. ముద్రణాలయములలో ఒక్కొక్క అక్షరమును విడివిడిగా కూర్చుటకు వాడిన సీసపు అచ్చుల పేరే అది. దంపతులు నెలకొల్పిన సంస్థ పేరు 'సిక్స్ అపార్ట్'. వారిద్దరి పుట్టిన దినముల నడుమ ఆరు దినముల ఎడమున్నందున ఆ పేరు వచ్చినది.

ఆ సాఫ్టువేరు చేసిన పని ఏమి? అంతకుముందు తమ పుటలను స్వయముగా కూర్చుకొనువారు, క్రొత్త సంగతి వ్రాసినప్పుడెల్ల పుటనంతయు చేతితో సవరింపవలసి వచ్చెడిది. పాత వ్రాతలను తీసి వేరొక పుటలో చేర్చి, దారి చూపు గుర్తులను మరల వ్రాయవలసి వచ్చెడిది. మూవబుల్ టైప్ విషయమును, రూపమును వేరుపరచినది. వ్రాసిన మాటలు ఒక చోట భద్రముగా నుండును. అవి కనబడవలసిన తీరు ఒక అచ్చులో నుండును. రచయిత్రి మాటలు వ్రాసి మీట నొక్కినంతనే పుట దానంతట అదియే సిద్ధమగును. వంటయింటి పని ముగించి అరగంట తీరిక చేసికొన్న గృహిణికి ఆ అరగంటయు వ్రాతకే దక్కునట్లు ఇట్టి సాధనములు చేసినవి.

తెలుగువారికి మరియొక ఇబ్బంది యుండెను. కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగా దాచుకొనును. పూర్వము తెలుగు అక్షరములకు ఒక్కొక్క ఫాంటు ఒక్కొక్క విధముగా సంఖ్యలను కేటాయించెడిది. వ్రాసినవారి ఫాంటు చదువువారి యొద్ద లేనిచో తెలుగు వాక్యమునకు బదులు అర్థము లేని గుర్తులు కనబడెడివి. ప్రపంచ భాషల లిపులన్నిటికి ఒకే సంఖ్యల పట్టికగా ఏర్పడిన యూనికోడ్ 1991లో తన మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానమిచ్చినది. అందు 'అ' అను అక్షరమునకు 3077 అను సంఖ్య కలదు. అనకాపల్లిలో వ్రాసినను, అమెరికాలో చదివినను ఆ సంఖ్య మారదు. కంప్యూటరులన్నియు ఈ పద్ధతికి అలవడిన తరువాత తెలుగు బ్లాగులు వృద్ధి పొందినవి. తిరుపతిలో గ్రంథాలయోద్యోగము చేసి, 1973లో అమెరికాకు వెళ్లిన కథా రచయిత్రి శ్రీమతి నిడదవోలు మాలతి తెలుగు కథల ఆంగ్లానువాదములకై 2001లో 'తూలిక' అను పుటను ప్రారంభించిరి. అటుపిమ్మట తెలుగులోను బ్లాగు వ్రాసిరి. సముద్రములకు ఆవలనున్న స్త్రీ తన భాషవారితో ప్రతిదినము మాటలాడుట ఇట్లు సాధ్యమైనది.

ఇల్లాలి ముచ్చట్లు లోకమునకేల యని కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ సరియైనది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. వేలకొలది జనులు మరణించిరని చరిత్ర చెప్పును. కాని ఆ రాత్రి ఒక తల్లి తన బిడ్డలను ఏ విధముగా కాపాడుకొన్నది? మరునాడు పొయ్యి ఏ విధముగా వెలిగించినది? ఈ సంగతులు లెక్కలలో దొరకవు. ఆ తల్లి వ్రాసియుంచినచో, లేక ఆమె చెప్పగా ఎవరైన వ్రాసియుంచినచో మాత్రమే మిగులును. రాజుల చరిత్రకు శాసనములు కలవు. ఇండ్ల చరిత్రకు ఇట్టి వ్రాతలే శాసనములు. కావున నిజముగా అనుభవించి, నిజముగా వ్రాసిన ఏ ముచ్చటయు చిన్నది కాదు.

అట్టి వ్రాతలకు వచ్చిన అపాయమును ఇప్పుడు చూడవలెను. మెనా, బెన్ దంపతుల సంస్థ 2003లో 'టైప్‌ప్యాడ్' అను సేవను ఆరంభించినది. సాఫ్టువేరును తమ ఏర్పాటుతో నడుపుకొనలేనివారు రుసుము చెల్లించి అందు బ్లాగు వ్రాసికొనవచ్చును. అది అద్దె ఇంటి వంటిది. ఆ సేవ కాలక్రమమున ఇతరుల చేతికి పోయినది. తుదకు 2025 సెప్టెంబరు 30న మూతపడినది. మూయుటకు సుమారు ఒక నెల ముందు మాత్రమే హెచ్చరిక వచ్చినది. ఆ గడువులో తమ వ్రాతలను దింపుకొన్నవారికి అవి దక్కినవి. హెచ్చరికను చూడనివారి గతి ఏమి? మరణించిన రచయిత్రుల పుటలను ఎవరు దింపుకొందురు? ఇరువది సంవత్సరముల ముచ్చట్లు ఒక్కదినమున కనుమరుగగుట ఇట్లు సంభవించును. లక్షలకొలది స్వంత పుటలకు నిలయమైన 'జియోసిటీస్' 2009లో మూతపడినప్పుడును ఇదియే జరిగినది.

దీనికి వ్యతిరేకమైన అపాయమును కలదు. కోపములో వ్రాసిన మాటను మరునాడు తుడిచివేసినను అది తుడుపు పడదు. ఈలోపల ఎవరో దానిని నకలు తీసికొని నలుగురికి పంపియుందురు. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని పెద్దలు చెప్పిన మాట కంప్యూటరు మీటలకు మరింత వర్తించును. దాచుకొనగోరినది దక్కకపోవుటయు, తుడిచివేయగోరినది పోకుండుటయు వింతగా తోచును. కాని రెంటికిని కారణమొక్కటే: వ్రాత యొక్క నకలు వ్రాసినవారి చేతిలో గాక పరుల చేతిలో నుండుట.

కావున వ్రాయువారు ముందు వెనుక రెండు జాగ్రత్తలు పాటింపవలెను. వ్రాసినదానిని లోకమునకు పంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఇది నిజమేనా? ఇది చెప్పుటకు నాకు హక్కు కలదా, లేక ఇతరుల ఇంటి గుట్టా? పది సంవత్సరముల తరువాత దీనిని చదివినచో నేను సిగ్గుపడవలసి యుండునా? స్నేహితుల ఛాయాచిత్రములు, ఇంటి చిరునామా, ఇంటివారి జబ్బులు మొదలగునవి వారి అనుమతి లేక వెల్లడింపరాదు. పంపిన తరువాత ఒక ప్రతిని తన కంప్యూటరులోను, మరియొక ప్రతిని వేరొక చోటను దాచుకొనవలెను. మిక్కిలి ప్రియమైనవానిని కాగితముపై అచ్చు తీసి ఉంచుట మేలు. ఏ సేవలో వ్రాయుచున్నను, అందుండి వ్రాతలను వెలికి తీసికొను మార్గము కలదో లేదో మొదటి దినముననే చూచుకొనవలెను.

సాఫ్టువేరు తయారు చేయువారే దాని మర్మము తెలిసికొనవలెనని, వాడువారికి అది అక్కరలేదని తలచుట పొరపాటు. బండి నడుపువాడు ఇరుసునకు కందెన వేయుటయైనను నేర్చుకొనును గదా! 2004లో మూవబుల్ టైప్ వాడుకపై క్రొత్త షరతులు, రుసుములు వచ్చినప్పుడు పలువురు తమ వ్రాతలను మూటగట్టుకొని, అందరును ఉచితముగా వాడి మార్చుకొనదగిన 'వర్డ్‌ప్రెస్' అను సాఫ్టువేరునకు తరలిపోయిరి. తమ వ్రాతలు తమ చేతిలో నుండుటచేతను, వానిని తరలించు విధము తెలియుటచేతను వారు ఎవరిని బ్రతిమాలవలసిన పని లేకపోయినది.

నేటి బాలబాలికలలో అనేకులు రేపు ఇట్టి పుటలు వ్రాయగలరు. వారి యిండ్లలోనే చెప్పదగిన సంగతులుండియు వ్రాయు అలవాటు లేని తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు కలరు. వారు చెప్పునది శ్రద్ధగా విని, వారి అనుమతితో వారి మాటలలోనే వ్రాసి, తేదీ వేసి, రెండు ప్రతులు దాచియుంచుట విద్యార్థులు నేడే చేయదగిన పని. దానిని లోకమునకు చూపుటయా, ఇంటిలోనే ఉంచుకొనుటయా అనునది ఆ పెద్దల యిష్టమునకు విడిచిపెట్టవలెను.